పేరు పెట్టి చేసిన ప్రార్థన

గేటు గడియ మళ్లీ మోగింది.

"తియ్యకు," అన్నాడు భానుచందర్ లోపలి గదిలోంచి. ఆ మాట వీధిలోకి పోకూడదని ఎంత చిన్నగా అన్నాడంటే, హాల్లో నిలబడ్డ భార్యకే సగం వినపడింది.

మాధురి ఉపవాస ప్రార్థనకి కట్టుకెళ్లిన చీరలోనే ఉంది. పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఆకలి మాత్రం తెలియడం లేదు.

కిటికీ రెక్క ఓరగా తీసి చూసింది. ఇందాక ముగ్గురు నలుగురే ఉన్నారు. ఇప్పుడు బళ్లు పెట్టడానికి ఇక్కడ చోటు చాలక ఎదురింటి మెట్లదాకా పెట్టేశారు. అందరూ చీటీలవాళ్లే. ఆటోనగర్ షెడ్లలోంచి చేతులైనా కడుక్కోకుండా వచ్చినవాళ్లు కొందరు. మొన్న చీటీ పాట రోజున ఇదే వరండాలో కూర్చుని, "భానుగారి దగ్గరుంటే బ్యాంకులో ఉన్నట్టే" అని కాఫీ తాగి వెళ్లినవాళ్లు వీళ్లే.

"ఎంతమందున్నారు?"

"చాలామంది ఉన్నారండీ."

"రామతులసి వచ్చిందా?"

"అందరికంటే ముందు ఆవిడే వచ్చింది."

రామతులసి వీళ్ల కొట్లో చీరలకి ఫాల్స్ కుట్టే మనిషి. సూదితో సంపాదించిందంతా ఈ ఇంట్లో చీటీ కట్టింది. తన పాట వచ్చాక మోటారు మిషన్లు రెండు కొనుక్కుని, అద్దె గది వరండాలోంచి లేచి సొంతంగా చిన్న షాపు పెట్టుకోవాలని ఆవిడ ఆశ. ఆ సంగతి భానుచందర్‌కి తెలుసు. తెలిసి కూడా సోమవారం దివాలా అని ఐపీ పెట్టడానికి వకీలుతో మాట్లాడుకున్నాడు. ఐపీ పెట్టేస్తే ఇక ఎవరొచ్చి అడిగినా కోర్టు వైపు చెయ్యి చూపించొచ్చు. అడిగినవాళ్లు కోర్టు చుట్టూ తిరిగి తిరిగి ఊరుకుంటారు.

"మైకులో చెప్పించావు," అన్నాడు భానుచందర్.

"నేను చెప్పించలేదండీ."

"మరి ఆ పాస్టరమ్మకి కలొచ్చిందా?"

మాధురి కిటికీ రెక్క మూసేసింది. ప్రార్థన మొదలుకాక ముందు పాస్టరమ్మగారిని ఆడవాళ్లు కూడే రేకుల షెడ్డు వెనక్కి తీసుకెళ్లి, ఆవిడ చెయ్యి పట్టుకుని చెప్పుకుంది. మా ఆయన ఐపీ పెట్టకుండా చూడమని దేవుణ్ణి అడగండమ్మా అని ఏడ్చింది. ఆవిడ తలూపింది. ఆఖర్న అందరూ తలలు వంచుకున్నాక మైకు పట్టుకుని, ఆవిడ చేసే పనే చేసింది.

"ప్రభువా, మా సహోదరి మాధురి భర్త భానుచందర్ గారు సోమవారం ఐపీ పెట్టాలని వకీలు దగ్గరికి వెళ్తున్నారు తండ్రీ. ఆ చెయ్యి ఆపు తండ్రీ. చీటీ కట్టినవాళ్ల కష్టం నీకు తెలుసు తండ్రీ."

ఆ షెడ్డులో అది వింతేమీ కాదు. ఎవరికి షుగరు పెరిగింది, ఎవరి కొడుకు తాగుతున్నాడు, ఎవరి కోడలు అలిగి గన్నవరం వెళ్లిపోయింది, అన్నీ పేరు పెట్టే అడుగుతారు. దేవుడికి అడ్రసు తప్పకూడదన్నట్టు రోగం పేరు, డాక్టరు పేరు కూడా చెప్తారు. ఇన్ని శుక్రవారాలుగా మాధురి అవన్నీ వింటూనే ఉంది. తన పేరు కూడా అలాగే వస్తుందని మాత్రం తోచలేదు. షెడ్డు రేకుల మీద రెండు పక్కలా స్పీకరు బాక్సులున్నాయి. పక్క సందులోనే రామతులసి మిషను పెట్టుకుని కూర్చుంటుంది.

భానుచందర్ గది గుమ్మంలోకి వచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. మొహంలో కోపం లేదు, అది చూసి మాధురికి ఇంకా భయం వేసింది.

"ఇప్పుడొకటే దారి. నువ్వు బయటికెళ్లి చెప్పు. ఆవిడ పొరపాటు పడిందని చెప్పు. వేరే ఎవరి సంగతో చెప్తే నా పేరు కలిపేసిందని చెప్పు."

"ఎవరు నమ్ముతారండీ?"

"నమ్ముతారు. నమ్మాలనే ఉంటుంది వాళ్లకి. నువ్వు చెప్తే నమ్ముతారు. నీ మొహం చూసి నమ్ముతారు."

"తర్వాతో?"

"తర్వాత సోమవారం వస్తుంది."

"నేను చెప్పలేనండీ."

"చెప్పలేవా?" అన్నాడు. అరవలేదు. "చెప్పకపోతే ఏమవుతుందో చూస్తావా? తలుపు పగలగొడతారు. నన్ను చొక్కా పట్టుకుని బెంజ్ సర్కిల్ దాకా ఈడ్చుకుపోతారు. సుస్మిత కాలేజీ నుంచి వచ్చేసరికి వాళ్ల నాన్న వీడియో దాని ఫోన్లోకే వస్తుంది. అదేనా నీ దేవుడు నీకు చెప్పింది?"

కూతురి పేరు వినగానే మాధురి కుర్చీ పట్టుకుంది. ఆ మనిషి ఎక్కడ గుచ్చితే ఎక్కడ తగులుతుందో తెలిసినవాడు.

"ఎవరి దేవుడు?"

ఇద్దరూ వెనక్కి తిరిగారు. వంటింటి గుమ్మంలో భానుచందర్ తల్లి చౌడేశ్వరమ్మ నిలబడి ఉంది. పెడనలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగిన మనిషి, కాస్త గట్టిగా చెప్తేనే వినపడుతుంది. ఇవాళ మాత్రం గుసగుసలు కూడా వినపడ్డట్టున్నాయి.

"అత్తయ్యా, మీరు లోపలికి వెళ్లండి."

"నేనెందుకెళ్తా. నా ఇల్లు ఇది. ఎవరి దేవుడు అంటున్నాను."

మాధురి తల వంచుకుంది.

"శుక్రవారం శుక్రవారం రామతులసి ఇంటికి చీరలిచ్చి వస్తానని వెళ్లేది అక్కడికేనా?"

"అక్కడికేనత్తయ్యా."

"పొద్దున్నే చౌడమ్మ తల్లి పటం ముందు దీపం పెట్టేది నువ్వేగా. ఆ దీపం ఎవరికి పెడుతున్నట్టు?"

"మీ కోసం పెడుతున్నానత్తయ్యా."

ఆ మాట ముసలావిడకి ఎక్కడో తగిలింది. కళ్లు చిట్లించి కోడల్ని పైనుంచి కిందికి చూసింది. అంత బాధ ఆవిడ మొహంలో మాధురి ఎప్పుడూ చూడలేదు. అబద్ధం ఆడింది నిజమే. అందుకు సిగ్గుగా కూడా ఉంది. కానీ క్షమించమని మాత్రం అడగలేదు.

"ఇంతకీ ఏమని అడిగావు మీ దేవుణ్ణి?" అంది చౌడేశ్వరమ్మ. వెటకారంగానే అంది.

"మీ అబ్బాయి ఐపీ పెట్టకుండా చూడమని."

చౌడేశ్వరమ్మ కొడుకు వైపు తిరిగింది. భానుచందర్ గోడకున్న క్యాలెండరు చూస్తున్నాడు.

"నిజమేనారా?"

"అమ్మా, నీకు అర్థం కాదు. పాట పాడుకుని డబ్బు పట్టుకెళ్లినవాళ్లు కట్టడం మానేశారు. వాళ్ల వంతు కూడా నేను వడ్డీకి తెచ్చి పోశాను. ఇంక నా వల్ల కాదు. వ్యాపారం అన్నాక..."

"నిజమేనా అంటున్నాను."

అతను తల దించుకున్నాడు. ఆవిడ ఇంకేమీ అడగకుండా వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. లోపల పీట జరిపిన చప్పుడు వినపడింది.

"చూశావా, అమ్మక్కూడా చెప్పావు. ఇంకెవరున్నారు మిగిలినవాళ్లు?" అని భానుచందర్ గదిలోకి వెళ్లిపోయాడు. తలుపు సగం వేసి ఆగాడు. "చెప్పు మాధురీ. ఒక్క మాట. పొరపాటైందని చెప్పు. నీ కాళ్లు పట్టుకుంటాను."

గేటు దగ్గర ఎవరో ఆయన పేరు పెట్టి అరిచారు. ఇదివరకటి 'గారు' ఊడిపోయింది.

మాధురి కుర్చీలో కూలబడింది. భయం ఆమెకి కొత్తకాదు. అప్పిచ్చిన ఫైనాన్సువాళ్లు మొదటిసారి కొట్లోకొచ్చి కస్టమర్లు కూర్చునే పరుపు మీద కాళ్లు చాపుకుని కూర్చున్న రోజునుంచీ అది ఆమెతోటే ఉంటోంది. ఆ రోజు కొట్లోంచి బయటపడి, ఎటు వెళ్తోందో తెలియకుండా నడిచి, ఆ రేకుల షెడ్డు ముందు ఆగింది. లోపల ఆడవాళ్లు పాడుతున్నారు. గుమ్మం దగ్గర కూర్చున్న ఒకావిడ ఏమీ అడక్కుండా చాప మీద కాస్త జరిగింది. మాధురి కూర్చుంది. కూర్చుని, ఎవరూ చూడరన్న ధైర్యంతో ఏడ్చింది.

ఆ రాత్రి నిద్ర పట్టింది. అంతకంటే అద్భుతం ఏమీ జరగలేదు. అప్పు తగ్గలేదు, ఫోన్లు ఆగలేదు. కానీ ఇంట్లో తనతో పాటు ఇంకెవరో మెలకువగా ఉన్నారనిపించింది. ఆ ఒక్కదాని కోసమే మళ్లీ శుక్రవారం వెళ్లింది.

ఇప్పుడు కళ్లు మూసుకుంది. మాటలు రాలేదు. తండ్రీ, అంది. ఇంకేం అనాలో తెలియక మళ్లీ తండ్రీ అంది.

పొద్దున తనే కదా అడిగింది ఆ చెయ్యి ఆపమని. ఇప్పుడు బయటికెళ్లి అబద్ధమాడితే, అడిగినదాన్ని అడగలేదని చెప్పినట్టే. అడగడం తప్పయిపోయిందని చెప్పినట్టే. ఇంత భయంలోనూ అది తనవల్ల కాదని మాధురికి స్పష్టంగా తెలిసింది. అలా తెలిసినప్పుడు భయం తగ్గలేదు గానీ, లేచి నిలబడింది. కొంగు సర్దుకుని వెళ్లి తలుపు తీసింది.

గేటు అవతల ఒక్కసారిగా మాటలు ఆగిపోయాయి.

ఆటోనగర్లో స్పేర్ పార్టుల కొట్టు నడిపే తిరుపతిరావు ముందుకొచ్చాడు. మనిషి మామూలుగానే గట్టిగా మాట్లాడతాడు.

"ఏమ్మా, ఆయనేడి? ఫోను ఎత్తడేంటి? ప్రార్థన చేసుకుంటున్నాడా ఆయన కూడా?"

"ఉండండి తిరుపతిరావుగారూ," అంది రామతులసి. మెడలో కొలతల టేపు తీయడం కూడా మర్చిపోయి వచ్చేసింది. గేటు ఊచలు రెండు చేతులతో పట్టుకుని మాధురి మొహంలోకి చూసింది. "అక్కా, నేను నా చెవులతో విన్నా. అయినా నువ్వు చెప్పు. అబద్ధమని చెప్పక్కా. నేను నమ్మి ఇంటికి పోతా. వీళ్లందరికీ కూడా నేనే సర్ది చెప్తా."

లోపల ఆయనా అదే అడిగాడు, బయట ఈవిడా అదే అడుగుతోంది. ఒక్క మాట అంటే ఈ గేటు ఖాళీ అయిపోతుంది, రామతులసి మొహంలోకి మళ్లీ రక్తం వస్తుంది, సుస్మిత వచ్చేసరికి ఇల్లు ఎప్పటిలాగే ఉంటుంది.

"నిజమే తులసీ," అంది.

తన గొంతు తనకే కొత్తగా వినపడింది. "నువ్వు విన్నది నిజమే. సోమవారం ఐపీ పెట్టాలనుకుంటున్నారు. పెట్టకూడదని నేనే ప్రార్థన చేయించాను."

చిత్రమేమిటంటే, ఆ మాట అయిపోయాక మాధురికి లోపల ఏదో నిమ్మళించింది. ఇంక దాచాల్సింది ఏమీ లేదు. రోజూ పొద్దున లేవగానే ఎవరికి ఏం చెప్పానో గుర్తుచేసుకునే పని ఇంక లేదు. వీళ్లు కొట్టినా తిట్టినా నిజం చెప్పినందుకే కొడతారు. షెడ్డులో ఆడవాళ్లు సమాధానం, సమాధానం అంటుంటే, ఆ మనశ్శాంతి అప్పులన్నీ తీరాక వచ్చేదేమో అనుకునేది. ఇంతమంది అప్పులవాళ్ల ముందు వస్తుందని అనుకోలేదు.

రామతులసి గేటు వదిలేసి రోడ్డు మీదే కూర్చుంది. ఏడవలేదు. మెడలో టేపు తీసి వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"పగలగొట్టండిరా గేటు," అన్నాడు తిరుపతిరావు.

గేటు ఊగింది. ఒక మనిషి అడ్డం వచ్చి గేటుకి వీపు ఆనించి నిలబడ్డాడు. ఇశ్రాయేలు. లారీ బాడీలకి వెల్డింగు చేస్తాడు. ఎండకీ మంటకీ కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి.

"ఇల్లు పగలగొడితే మన డబ్బు రాదండీ."

"నీకేమయ్యా. మీ మతంలో కలిసిందని వెనకేసుకొస్తున్నావు."

"వెనకేసుకు రావట్లేదండీ. మా అమ్మాయి నర్సింగులో చేరడం ఈ చీటీ మీదే ఉంది. ప్రార్థన ప్రార్థనే, చీటీ చీటీనే. నా డబ్బు నాకు కావాలి." అతను మాధురి వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు నిజం చెప్పావు. సంతోషం. నిజం తిని మేం బతకలేం కదా. ఇప్పుడేం చేస్తారో అది చెప్పు."

"ఇల్లుంది," అంది మాధురి. "ఈ ఇల్లు మా అత్తయ్యగారి పేరు మీద ఉంది. ఆవిణ్ణి నేను అడుగుతాను. అమ్మి అయినా మీవి మీకిస్తాం. ఒక్కరోజులో కాకపోవచ్చు."

"అది నువ్వు చెప్తే కాదు. ఆయన్ని వచ్చి చెప్పమను."

"పిలుచుకొస్తాను," అని లోపలికి వెళ్లింది.

గదిలో భానుచందర్ లేడు.

బీరువా తలుపు తెరిచి ఉంది. ప్రయాణాలప్పుడు తీసే నల్ల బ్యాగు దాని పైన లేదు. ఇందాక వచ్చిన నిమ్మళం ఒక్క క్షణంలో ఆవిరైపోయింది. పారిపోతే పారిపోయాడు, కానీ ఎక్కడికి? పోయిన నెల కూరగాయలు తరిగే కత్తి చేతిలో పట్టుకుని ఊరికే చూస్తూ నిలబడ్డ మనిషి మాధురి కళ్ల ముందు కనపడ్డాడు. బ్యారేజీ మీద స్కూటరు ఆపి నీళ్లు చూస్తూ కనపడ్డాడని ఎవరో చెప్పినప్పుడు నవ్వి ఊరుకున్నది కూడా గుర్తొచ్చింది. ఏవండీ అని పిలుస్తూ వంటింటి తలుపు తోసింది.

అతను అక్కడే ఉన్నాడు. బ్యాగు చేత్తో పట్టుకుని పెరటి గుమ్మం ఎదురుగా నిలబడ్డాడు. గుమ్మానికి అడ్డంగా చౌడేశ్వరమ్మ పీట వేసుకుని కూర్చుంది. ఒక కాలు అటు గోడకి, ఇంకో కాలు ఇటు గోడకి ఆనించింది. నొప్పులతో మామూలుగా ముడవనే ముడవని కాళ్లవి.

"లెగమ్మా," అంటున్నాడు భానుచందర్.

"దాటుకుని పో. తల్లిని దాటుకుని పో. నేనేమీ అనను."

"అమ్మా, వాళ్లు నన్ను చంపేస్తారు."

"మీ నాన్న పెడన నుంచి చీరల మూట భుజానేసుకుని ఈ ఊరొచ్చాడు. అప్పు ఎగ్గొట్టినవాడని ఒక్కరు అనలేదు ఆయన్ని. ఆయన పేరు పాడుచేసి నువ్వెక్కడ బతుకుతావురా?"

"బతుకుతానని ఎవరన్నారు," అన్నాడు భానుచందర్.

కుక్కర్లోంచి ఆవిరి సన్నగా పోతోంది.

మాధురి వెళ్లి బ్యాగు పట్టుకుంది. లాక్కోలేదు, అతని చెయ్యి పక్కన చెయ్యి వేసింది.

"నిజం చెప్పేశానండీ."

"విన్నాను."

"నన్నెవరూ ఏమీ అనలేదు. మిమ్మల్ని అంటారు. పడదాం. నేను పక్కనే ఉంటాను."

"నీకు భయం లేదా?"

"ఉంది. చూడండి, చెయ్యి ఎలా వణుకుతోందో. అయినా రండి. మీరు వెళ్లిపోతే వచ్చే భయం ముందు ఇది భయమే కాదు."

"ఏమని చెప్పాలి వాళ్లకి? ఏముంది నా దగ్గర?"

"ఇల్లుందిగా," అంది చౌడేశ్వరమ్మ కింద నుంచి.

ఇద్దరూ ఆవిడ వైపు చూశారు.

"మీ నాన్న పోయాక నన్ను ఆ రిజిస్ట్రారాఫీసుకి తీసుకెళ్లి నా పేరు మీదకి మార్పించావుగా. అది అమ్మెయ్. ఏ ఆఫీసుకి రమ్మంటే ఆ ఆఫీసుకొస్తా. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతా. ముగ్గురు ఆడాళ్లకీ నీకూ తలదాచుకోడానికి ఒక అద్దె గది చాలు."

మాధురికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంత తేలిగ్గా అంటుందని అనుకోలేదు. భానుచందర్ మొహం మాత్రం తెల్లబోయింది. బ్యాగు చేతిలోంచి జారి కిందపడింది. బరువు దిగిపోయి అలా అయ్యాడని మాధురి అనుకుంది.

అతన్ని ముందు పెట్టుకుని ఆడవాళ్లిద్దరూ వరండాలోకి వచ్చేసరికి పాస్టరమ్మగారు కూడా గేటు దగ్గరుంది. పరుగెత్తుకొచ్చినట్టుంది, ఆయాసపడుతోంది.

"మాధురమ్మా, పేరు పెట్టి చేస్తే ఇంత అవుతుందని నాకు తోచలేదమ్మా. అందరికీ చేసినట్టే చేశాను. నన్ను క్షమించు."

"మీరు తప్పు చేయలేదమ్మగారూ," అంది మాధురి.

భానుచందర్ ఏదో అన్నాడు. ముందున్న నలుగురికే వినపడింది. వెనక నుంచి "ఏమంటున్నాడు? వినపడట్లా" అని కేకలు. మళ్లీ అన్నాడు. ఈసారి ఆ నలుగురికీ వినపడలేదు.

రోడ్డు మీద కూర్చున్న రామతులసి లేచింది. "ఐపీ సంగతి మైకులో విన్నాం. ఇది కూడా మైకులోనే చెప్పమనండి. అందరం వింటాం. తర్వాత నేనట్లా అనలేదని అనడానికుండదు."

పాస్టరమ్మగారు షెడ్డు తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టేసింది.

ఆ రేకుల షెడ్డులో అలాంటి సభ మునుపెన్నడూ జరిగి ఉండదు. ఆడవాళ్లు పొద్దున ఉపవాసంతో కూర్చున్న చాపల మీద ఇప్పుడు గ్రీజు బట్టలతో మగవాళ్లు కూర్చున్నారు. తిరుపతిరావు చెప్పులతో లోపలికి రాబోయి, ఇశ్రాయేలు చూసిన చూపుకి బయట వదిలి వచ్చాడు. చౌడేశ్వరమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నుదుటి మీద రూపాయంత విభూతి బొట్టుతో లోపలికి రావాలా వద్దా అని ఆవిడ ఊగిసలాడుతోంటే, ఒకామె ఏమీ అడక్కుండా చాప మీద కాస్త జరిగింది. మాధురి అత్తగారి మోచెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ఆవిడ కూర్చోలేదు. స్తంభం పట్టుకుని నిలబడింది.

భానుచందర్ మైకు ముందు నిలబడ్డాడు. పాస్టరమ్మగారు స్విచ్చి వేసింది. ముందు అతని ఊపిరి వినపడింది. షెడ్డు పైన బాక్సుల్లోంచి ఆ ఊపిరి వీధంతా వినపడింది.

మాధురి కళ్లు మూసుకుంది. నిజం చెప్పించు తండ్రీ అనుకుంది. ఆయన ప్రాణం మీదికి తెచ్చుకోకుండా నిజం చెప్పించు. ఎంత కష్టమైనా పర్లేదు.

"నేను ఐపీ పెట్టను," అన్నాడు భానుచందర్.

చాపల మీద చిన్న కదలిక. రామతులసి చేతిలో టేపు ఆగిపోయింది.

"పెట్టను. వకీలుకి చెప్పేస్తాను. మా ఆవిడ ఇల్లమ్మి ఇస్తామని మీతో చెప్పిందంట. మా అమ్మ కూడా సంతకం పెడతానంది." మైకు స్టాండు రెండు చేతులతో పట్టుకున్నాడు. "సంతకం పెట్టడానికేం లేదు. ఆ ఇల్లు మాది కాదు."

మాధురి కళ్లు తెరిచింది.

"నాన్న పోయాక అమ్మని రిజిస్ట్రారాఫీసుకి తీసుకెళ్లాను. నీ పేరు మీదకి మారుస్తున్నారమ్మా అని చెప్పాను. వేళ్లు పెట్టమన్నచోట పెట్టింది, సంతకం చెయ్యమన్నచోట చేసింది. ఆ రోజే అది ఫైనాన్సువాళ్లకి అమ్మేశాను. అప్పటినుంచి సొంతింట్లో ఉన్నట్టు మేం అద్దెకుంటున్నాం. ఈ నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి."

అందరూ వెనక్కి తిరిగి స్తంభం దగ్గరున్న ముసలావిడ వైపు చూశారు. మైకులో భానుచందర్ ఏడుస్తున్న చప్పుడు వస్తోంది. ఆపెయ్యాలని పాస్టరమ్మగారికి తోచలేదు.

నిజం చెప్పించమని అడిగింది తనే. పొద్దున మాధురి భయపడ్డదంతా ఇప్పుడు చిన్నదైపోయింది. గేటు దగ్గర తను ఇచ్చిన మాట ఇందాక ఇశ్రాయేలు విన్నాడు, రామతులసి విన్నది. ఇవ్వడానికి ఏముంది ఇంక?

చౌడేశ్వరమ్మ చెయ్యి స్తంభం మీదనుంచి మెల్లగా జారింది. పక్కనున్నామె పట్టుకోబోతే వద్దని, చాప మీద తనే కూర్చుంది. కొడుకు వైపు చూడలేదు. చాలాసేపు తన కుడిచేతి వేళ్లు చూసుకుంది. తర్వాత మాధురి కొంగు పట్టుకుని కిందికి లాగింది.

మాధురి వంగింది.

"అమ్మాయ్," అంది చౌడేశ్వరమ్మ. ఈసారి వెటకారం లేదు. "ఇప్పుడేమని అడగాలే మీ దేవుణ్ణి?"